చెయ్యి తిమ్మిరెక్కుతోందా? ‘నరాల బలహీనత’ అని సరిపెట్టుకోకండి!

అర్ధరాత్రి దాటాక, ఏ రెండు గంటలకో మూడు గంటలకో, చెయ్యి మొద్దుబారి మీకు మెలకువ వస్తోందా? లేచి కూర్చుని చేతిని నాలుగుసార్లు విదిలిస్తే గాని తిమ్మిరి తగ్గడం లేదా? పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళ మధ్యనుంచి జారిపోతున్నట్టు ఉంటోందా? చొక్కా గుండీలు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం రోజురోజుకీ కష్టమవుతోందా?

అయితే ఈ వ్యాసం మీరు తప్పకుండా చదవాలి.

ఇలాంటి బాధ వచ్చినప్పుడు మన ఇళ్ళలో జరిగేది సామాన్యంగా ఒకటే. “రక్తం తక్కువై ఉంటుంది” అంటుంది పక్కింటావిడ. మందుల షాపులో బలానికి బిళ్ళలు ఇస్తారు. అవి వాడినా తగ్గకపోతే “నరాల బలహీనత” అని ఎవరో చెబుతారు. ఎర్రరంగు ఇంజెక్షన్లు పది చేయించుకుంటారు. ఇలా ఆరు నెలలో, ఏడాదో గడుస్తుంది. ఈలోగా బొటనవేలి మొదట్లో ఎత్తుగా ఉండవలసిన కండ కరిగి పల్లమైపోతుంది. అప్పుడు గాని అసలైన డాక్టరు దగ్గరకు వెళ్ళరు.

‘నరాల బలహీనత’ అన్నది జబ్బు పేరు కాదు. (గోడలమీద రాసే ప్రకటనల్లో ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. దాని జోలికి ఇప్పుడు పోవద్దు.) నరానికి బాధ కలిగినప్పుడు తెలుసుకోవలసినవి రెండు: ఏ నరానికి, ఏ చోట? ఎందువల్ల? ఈ రెండు ప్రశ్నలకూ చాలా సందర్భాలలో కంటికి కనిపించేలా సమాధానం చెప్పగలిగే పరీక్ష ఇప్పుడు ఉంది. అది మీకు కొత్తదేమీ కాదు. గర్భిణీ స్త్రీలకు చేసే స్కానింగు ఉన్నదే, అదే. దాన్నే అల్ట్రాసౌండ్ అంటారు.

ఏది నరం, ఏది రక్తనాళం?

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. “నరం చూపించండి” అంటే చాలామంది చేతిమీద పచ్చగా ఉబికి కనిపించే వాటిని చూపిస్తారు. “నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు” అంటాం కదా, ఆ ఇంజెక్షన్ ఇచ్చేది కూడా వాటికే. కాని అవి నరాలు కావు, సిరలు. అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు.

అసలు నరాలు పైకి కనిపించవు. అవి మెదడునుంచి, వెన్నుపామునుంచి బయలుదేరి కాళ్ళకూ చేతులకూ వెళ్ళే తీగలవంటివి. వేలికి వేడి తగిలిందన్న కబురు పైకి తీసుకువెళ్ళేవి అవే. “వెంటనే చెయ్యి తియ్యి” అన్న ఆజ్ఞను కండరానికి చేర్చేవీ అవే. ఇంటికి వచ్చే కరెంటు తీగలో లోపల సన్నని తంతులు, పైన తొడుగు ఉన్నట్టే నరంలో కూడా తంతుల కట్టలు, వాటిమీద పొరలు ఉంటాయి.

మోచెయ్యి లోపలివైపు గోడకు తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది. ఎప్పుడైనా మీకు అనుభవమై ఉంటుంది. అది నిజమైన నరం. అక్కడ అది చర్మానికి చాలా దగ్గరగా, ఎముకను ఆనుకుని పోతుంది.

ఇరుకు సందులో చిక్కుకుంటే

నరం సాఫీగా పోయినంతవరకూ బాధ లేదు. కొన్నిచోట్ల మాత్రం అది ఇరుకు సందులోంచి దూరిపోవాలి. అటువంటి సందుల్లో ముఖ్యమైనది మణికట్టు దగ్గర ఉంది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ, మధ్యలో సొరంగం. అందులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది తాళ్ళవంటి స్నాయువులూ, వాటితోపాటు ఒక్క నరమూ వెళతాయి. ఏ కారణం చేతనైనా ఆ సొరంగంలో వాపు వస్తే నలిగేది మెత్తగా ఉన్న నరమే. డాక్టర్లు దీన్ని ‘కార్పల్ టన్నెల్ సిండ్రోమ్’ అంటారు.

ఇది మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా పనిచెయ్యడం, కీళ్ళవాతం ఉన్నవాళ్ళలోనూ, గర్భిణీలలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. మణికట్టును వంచుతూ గట్టి పట్టుతో గంటల తరబడి చేసే పనులు కూడా దీనికి దోహదం చేస్తాయి.

ఉదాహరణకు, కుట్టుపని చేసే ఒకావిడ డాక్టరు దగ్గరకు వెళ్ళిందనుకోండి. మంచి డాక్టరు మందు రాయడానికి ముందు ఆమెను ఇలా అడుగుతాడు:

“ఏమ్మా, తిమ్మిరి ఏయే వేళ్ళకు?”

“అన్నిటికీనండి.”

“తొందరపడకుండా గుర్తు చేసుకుని చెప్పమ్మా. చిటికెన వేలికి కూడానా?”

“చిటికెన వేలికి లేదండి. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు, ఉంగరం వేలు సగం.”

ఈ ఒక్క జవాబుతోనే సగం రోగం తెలిసిపోయినట్టే. అవి మణికట్టు సొరంగంలోంచి వెళ్ళే నరం పాలించే వేళ్ళు. అలాకాక చిటికెన వేలు, ఉంగరం వేలులో రెండో సగం మొద్దుబారితే ఎక్కువగా మోచెయ్యి దగ్గరి నరాన్ని అనుమానించాలి. మెడనుంచి నొప్పి దిగుతూ తిమ్మిరి వస్తే మెడ ఎముకల దగ్గర చూడాలి. అంచేత డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు మీ తిమ్మిరి ఏయే వేళ్ళకు, ఏ వేళకు వస్తోందో రెండు రోజులు గమనించి వెళ్ళండి. అది ఎంతో ఉపకరిస్తుంది.

కరెంటు పరీక్ష చాలదా?

ఇదివరకు దీనికి ముఖ్యమైన పరీక్ష ఒకటే ఉండేది. చర్మంమీద చిన్న చిన్న విద్యుత్ తాకిడులు ఇచ్చి, నరంలో కబురు ఎంత వేగంతో వెళుతోందో కొలుస్తారు. దీన్ని ‘నెర్వ్ కండక్షన్’ పరీక్ష అంటారు. ఇప్పటికీ ఇది చాలా ముఖ్యమైనదే. దాన్ని తీసి పారెయ్యడానికి వీల్లేదు.

కాని ఒక్క విషయం ఆలోచించండి. మీ ఇంట్లో దీపం మసకగా వెలుగుతోంది. తీగలో కరెంటు సరిగా రావడం లేదని మీటరు చెబుతుంది. ఏ రెండు స్తంభాల మధ్య లోపం ఉందో కూడా చెప్పవచ్చు. కాని అక్కడ తీగమీద చెట్టుకొమ్మ పడిందా, తీగ తెగిందా, తొడుగు ఉబ్బిందా? అది చెప్పాలంటే లైన్‌మాన్ వెళ్ళి కళ్ళతో చూడాలి. ఈ లైన్‌మాన్ పనే స్కానింగు చేస్తుంది. మొదటి పరీక్ష నరం పనితీరు చెబుతుంది, రెండోది నరం ఆకారం చూపిస్తుంది. ఒకటి రెండోదానికి పోటీ కాదు, తోడు.

చెవికి వినిపించని శబ్దం

అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి అందనంత సన్నని శబ్దం. సెకనుకు 20,000 కంపనాలు దాటితే మనిషి చెవికి వినిపించదు. స్కానింగు మిషను వాడే శబ్దానికి సెకనుకు లక్షల కంపనాలు ఉంటాయి. ఆ శబ్దం శరీరంలోకి వెళ్ళి, లోపలి పొరలకు తగిలి ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వనులతోనే తెరమీద బొమ్మ తయారవుతుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

1958లో గ్లాస్గో నగరానికి చెందిన ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు పొట్టలోని గడ్డలను ఈ పద్ధతిలో చూడవచ్చని ప్రకటించారు. కాని నరాలు చూడడానికి ఆనాటి మిషన్లు పనికిరాలేదు. పొట్ట లోతు చూడడానికి సెకనుకు 20 లక్షలనుంచి 50 లక్షల కంపనాలు చాలు. సన్నని నరాన్ని స్పష్టంగా చూడాలంటే కోటి దాటాలి. కంపనాలు పెరిగేకొద్దీ బొమ్మ నాణ్యం పెరుగుతుంది, శబ్దం వెళ్ళే లోతు మాత్రం తగ్గుతుంది. చేతి నరాలు చర్మానికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి చిక్కు లేదు. 1988లో బ్రూనో ఫోర్నాజ్ అనే రేడియాలజిస్టు కాళ్ళు చేతుల నరాలు స్కానింగులో ఎలా కనిపిస్తాయో వివరంగా ప్రచురించారు. అక్కడినుంచి ఈ విద్య పెరుగుతూ వచ్చింది. 2012లో అమెరికాలోని నరాల, కండరాల పరీక్షల నిపుణుల సంఘం, మణికట్టు దగ్గర నరం సైజును స్కానింగుతో కొలవడం కార్పల్ టన్నెల్‌ను గుర్తించడానికి నమ్మదగిన పరీక్షేనని తేల్చి చెప్పింది.

తెరమీద ఏం కనిపిస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న నరాన్ని అడ్డంగా చూస్తే తేనెపట్టు ముక్కలా ఉంటుంది. తెల్లని గళ్ళ మధ్య నల్లని చుక్కలు. ఆ చుక్కలే తంతుల కట్టలు. పక్కనే ఉన్న సిరను మిషనుతో కాస్త నొక్కితే అది అణిగి మాయమవుతుంది, నరం అణగదు. వేళ్ళు ఆడించమంటే స్నాయువులు చరచరా జారతాయి, నరం అంతగా కదలదు. ఇలా ఏది ఏదో పోల్చుకుంటారు.

మణికట్టు సొరంగంలో నలిగిన నరం ఎలా ఉంటుందో తెలుసా? కాలువలో చెత్త అడ్డుపడితే ఎగువన నీరు పొంగుతుంది కదా! అలాగే నరం సొరంగంలోకి వెళ్ళే ముందు ఉబ్బుతుంది, లోపల నలిగి పలచబడుతుంది. ఆ ఉబ్బిన చోట దాని అడ్డుకోత వైశాల్యం కొలుస్తారు. సామాన్యంగా ఇది సుమారు 10 చదరపు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఈ అంకె పరీక్షించే చోటును బట్టి కొద్దిగా మారవచ్చు. అంచేత అదే నరాన్ని ముంజేతి దగ్గర కూడా కొలిచి రెంటినీ పోలుస్తారు.

అంతేకాదు, కారణం కూడా దొరకవచ్చు. సొరంగంలో నీటితిత్తి ఉందా? స్నాయువుల తొడుగు వాచిందా? కొందరిలో పుట్టుకతోనే ఈ నరం రెండు పాయలుగా చీలి, దాని పక్కన అదనంగా ఒక రక్తనాళం ఉంటుంది. ఆపరేషన్ చేసే డాక్టరుకు ఇది ముందే తెలియడం ఎంత మేలో చెప్పనక్కరలేదు.

మోచెయ్యి దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. కొందరికి మోచెయ్యి వంచినప్పుడల్లా నరం తన గాడిలోంచి ఎముకమీదికి జారిపోతుంది. చెయ్యి చాచితే మళ్ళీ లోపలికి వస్తుంది. కదలకుండా పడుకోబెట్టి తీసే పరీక్షల్లో ఇది దొరకడం కష్టం. స్కానింగులో మీ చెయ్యి వంచుతూ ఉండగానే చూడవచ్చు.

నడిచేటప్పుడు పాదం పైకి లేవక ఈడ్చుకుపోవడం ఇంకో రకం. గొంతుకు కూర్చుని గంటల తరబడి కలుపు తీసేవాళ్ళకు, కాలుమీద కాలు వేసుకుని ఎక్కువసేపు కూర్చునేవాళ్ళకు మోకాలి పక్కన నరం నొక్కుకుని ఇలా కావచ్చు. ఒక్కొక్కప్పుడు నరం లోపలే నీటితిత్తి పెరిగి ఉంటుంది. స్కానింగులో అది కనిపిస్తే ఆపరేషన్‌తో తీసివేసే వీలుంటుంది.

ఇక గాజుపెంకో, కత్తిపీటో తెగిన గాయాల సంగతి. పైన చర్మానికి కుట్లు వేశారు, గాయం మానింది, కాని వేలికి స్పర్శ లేదు. “అదే వస్తుందిలే” అని ఊరుకోకండి. నరం తెగి రెండు కొసలూ విడిపోయి ఉండవచ్చు. అలా విడిపోయిన నరం దానంతటది సరిగ్గా అతుక్కోదు. ఆ కొసలు ఎక్కడున్నాయో స్కానింగు చూపించగలదు.

కుష్ఠు వ్యాధి – హైదరాబాదు పరిశోధన

నరాలను ఉబ్బించే జబ్బుల్లో మనం మరచిపోకూడనిది కుష్ఠు. 2005 చివరికి మన దేశంలో సగటున పదివేలమందికి ఒక్క రోగికంటే తక్కువే మిగిలారు. కాని వ్యాధి పూర్తిగా పోలేదు. ఈ క్రిములు చర్మాన్నే కాదు, నరాలను కూడా పడతాయి. కొందరిలో మచ్చ ఒక్కటీ లేకుండా నరానికే వస్తుంది. ఇదివరకు డాక్టర్లు వేళ్ళతో తడిమి నరం లావెక్కిందో లేదో చెప్పేవారు. ఒకరి చేతికి లావనిపించింది ఇంకొకరికి మామూలే అనిపించవచ్చు.

దీనిమీద హైదరాబాదులోని బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రం డాక్టర్లు ఇతరులతో కలిసి చేసిన పరిశోధన 2009లో ప్రచురితమైంది. 20 మంది కుష్ఠు రోగుల నరాలను, 30 మంది ఆరోగ్యవంతుల నరాలను స్కానింగుతో కొలిచి పోల్చారు. రోగుల నరాలు స్పష్టంగా లావుగా ఉన్నాయి. రియాక్షన్, అంటే హఠాత్తుగా వచ్చే వాపు దశలో ఉన్నవారి నరాల లోపల రక్తం జోరుగా ప్రవహించడం కూడా రంగుల్లో కనిపించింది. మామూలుగా నరంలో ఈ ప్రవాహం తెరమీద కనిపించదు. ఇలా వాచిన నరానికి వెంటనే మందు పడితే చెయ్యి వంకర పోకుండా కాపాడుకునే అవకాశం ఉంటుంది.

స్పర్శలేని మచ్చ, నొప్పి తెలియకుండా కాలిన బొబ్బలు, తెలియకుండానే కాలినుంచి జారిపోయే చెప్పు – వీటిలో ఏది ఉన్నా దాచుకోకండి. కుష్ఠుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడితే సరిపోతుంది. ఇది పాపఫలం కాదు, క్రిమివల్ల వచ్చే జబ్బు.

స్కానింగుకు అందనివి

ఇంత చెప్పాం కదా అని ఇదే సర్వరోగ నిర్ధారణ అనుకోకండి. శబ్దం ఎముక దాటి పోలేదు. అందుచేత వెన్నుపూసల మధ్య నలిగిన నరాన్ని ఈ స్కానింగు చూపించలేదు, దానికి ఎం.ఆర్.ఐ. కావాలి. బాగా లోతుగా ఉన్న నరాలు కూడా సరిగా కనిపించవు.

మధుమేహంవల్ల రెండు అరికాళ్ళూ మంటలెక్కి, మొద్దుబారుతూ పైకి పాకే జబ్బులో దీనివల్ల ప్రయోజనం కొద్ది. అక్కడ ముందు చూడవలసింది రక్తంలో చక్కెర, బి12 విటమిను. అవును, ఆ ఎర్ర ఇంజెక్షన్ బి12దే. రక్తంలో అది తక్కువైనవారికి అది దివ్యమైన మందు. సొరంగంలో నలిగిన నరాన్ని మాత్రం అది విడిపించలేదు.

ఇంకొక మాట. ఈ పరీక్ష విలువ చేసే మనిషిని బట్టి ఉంటుంది. పొట్ట స్కానింగు చేసే ప్రతి చోటా నరాలు చూడడంలో తర్ఫీదు ఉన్నవారు ఉండరు. “నరాల స్కానింగు మీరు చేస్తారా?” అని అడిగి మరీ వెళ్ళండి.

పరీక్షకు వెళ్ళేటప్పుడు

దీనికి పరగడుపున వెళ్ళనక్కరలేదు. నీళ్ళు తాగి మూత్రం ఆపుకోనక్కరలేదు. సూదులు గుచ్చరు, నొప్పి ఉండదు. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి వెళితే చాలు. దిండుమీద చెయ్యి పెట్టించి, చల్లని జెల్లీ రాసి, మిషను మొనను నరం వెంట మెల్లగా జరుపుతారు. రెండో చేతిని కూడా చూసి పోలుస్తారు. ఎన్నిసార్లు చేయించుకున్నా రేడియేషన్ భయం లేదు. గర్భిణీలు కూడా చేయించుకోవచ్చు.

స్కానింగు సెంటరు గోడమీద లింగ నిర్ధారణ చెయ్యరాదన్న బోర్డు, చుట్టూ గర్భిణీలు – ఇది చూసి మగవాళ్ళు కొందరు సిగ్గుపడి వెనక్కి వస్తారు. ఆ బోర్డు 1994 నాటి చట్టం ప్రకారం పెట్టినది. మీ చేతి పరీక్షకు దానితో సంబంధం లేదు. సిగ్గుపడి చెయ్యి పాడుచేసుకోకండి.

ఆలస్యం చేస్తే నష్టం ఎంత?

నరం నొక్కుకున్న కొత్తలో చికిత్స తేలిక. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడం, థైరాయిడ్, చక్కెర అదుపులో పెట్టుకోవడం, పని మధ్య చేతికి విశ్రాంతి ఇవ్వడం – చాలామందికి వీటితోనే ఉపశమనం కలుగుతుంది. గర్భిణీలకు ప్రసవం తర్వాత తరచు దానంతటదే తగ్గుతుంది. తగ్గనివారికి సొరంగంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. స్కానింగులో సూదిమొనను చూస్తూ ఇస్తే అది నరానికి గుచ్చుకోకుండా జాగ్రత్తపడవచ్చు. అప్పటికీ తగ్గకపోతే పైన ఉన్న గట్టి పట్టీని కోసి నరానికి చోటు కల్పించే చిన్న ఆపరేషన్ ఉంది.

కాని తంతులు చచ్చిపోయాక కథ వేరు. చచ్చిన తంతువు మళ్ళీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. అంటే నెలకు ఒక అంగుళం. మోచెయ్యినుంచి వేలికొస దాకా ఎన్ని అంగుళాలో మీరే కొలిచి చూసుకోండి! ఏడాది దాటిపోతుంది. ఈలోగా కబురు అందని కండరం ఎండిపోతే, ఆ తర్వాత నరం చేరినా ప్రయోజనం ఉండకపోవచ్చు.

కొన్నిటికి స్కానింగు కోసం కూడా ఆగకూడదు. హఠాత్తుగా ఒకవైపు కాలు చెయ్యి పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం పక్షవాతం లక్షణాలు. రెండు కాళ్ళూ బలం తప్పి కొద్ది రోజుల్లోనే ఆ నిస్సత్తువ పైకి పాకడం, నడుము నొప్పితోపాటు మూత్రం, విరేచనం పట్టుతప్పడం – ఇవి కూడా అంతే ప్రమాదం. వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగతావారు ఇవాళ రాత్రి ఒక్క పని చెయ్యండి. దీపం ముందు రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, బొటనవేళ్ళ మొదట్లో కండను పోల్చి చూసుకోండి. ఒకవైపు పల్లంగా కనిపించినా, వారాల తరబడి తిమ్మిరి వదలకపోయినా, ఇంకో బలం మందు సీసా కొనకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళి “నా నరం ఎక్కడ నొక్కుకుంది? ఎందువల్ల?” అని అడగండి.

అలా అడిగే హక్కు మీకుంది. దానికి జవాబు చూపించే పరీక్షా ఉంది.